రెండెకరాల ఇరవై గుంటలు.. పైథాన్‌కు 2.2!

ఎర్రగడ్డ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే ఈఎస్‌ఐ, ఎస్సార్‌ నగర్‌ దాటగానే అమీర్‌పేట. మూడో స్టాప్‌. పొద్దున పూట ఆ రైల్లో భుజాన బ్యాగు తగిలించుకుని నిలబడ్డ కుర్రకారులో చాలామంది మైత్రీవనం వైపో, ఆదిత్య ఎన్‌క్లేవ్‌ వైపో వెళ్లేవాళ్లే. ఒకప్పుడు అక్కడి బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్‌ ఉండేది. తర్వాత జావా, డాట్‌నెట్‌, టెస్టింగ్‌ టూల్స్‌ వచ్చాయి. ఇప్పుడు పైథాన్‌, డేటా సైన్స్‌, ఏఐ. మీరూ ఆ గుంపులో ఒకరైతే మొదటి వారంలోనే ఈ ప్రోగ్రామ్‌ రాసుంటారు: వయసు అడగాలి, టైప్‌ చేసినదాన్ని అంకెగా మార్చాలి, వచ్చే ఏడాదికి ఎన్నేళ్లో చెప్పాలి. మూడంటే మూడు లైన్లు. 19 కొడితే 20 వస్తుంది. నోట్సులో టిక్కు పెట్టి తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు.

ఆ మూడు లైన్ల దగ్గరే ఇంకో రెండు రోజులు ఆగండి. కారణం జాబ్‌ మార్కెట్టే. 2025 జులైలో టీసీఎస్‌ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. ఇంకోపక్క ఏ ఏఐ టూల్‌ను అడిగినా ఆ మూడు లైన్లు రెండు సెకన్లలో రాసిపెడుతుంది. మరి కొత్తగా చేరే మీ దగ్గర కంపెనీ ఏం వెతుకుతుంది? టూల్‌ రాసిచ్చిన కోడ్‌ ఎక్కడ తప్పు చెబుతుందో పసిగట్టే కన్ను. ఆ కన్ను మీకుందో లేదో తేల్చడానికి పెద్ద అల్గారిదమ్‌ అక్కర్లేదు. యూజర్‌ టైప్‌ చేసినదాన్ని అంకెగా మార్చే ఒక్క లైన్‌ చాలు.

టైప్‌ చేసినదంతా అక్షరాలే

పైథాన్‌లో ‘ఇన్‌పుట్‌’ ఫంక్షన్‌ ఎప్పుడూ టెక్స్టే ఇస్తుంది. మీరు 25 కొట్టినా దానికది 2, 5 అనే రెండు గుర్తులు పక్కపక్కన ఉన్న మాట, అంతే. అందుకే 25, 30 కలపమంటే 55 రాదు, 2530 వస్తుంది. ఇది అందరికీ తెలిసిన తమాషానే. దీనికంటే ప్రమాదమైనది పోలిక. టెక్స్టుగా పోలిస్తే 100 కంటే 35 పెద్దది. ఎందుకంటే పైథాన్‌ మొదటి గుర్తు దగ్గరే తేల్చేస్తుంది, 1 కంటే 3 పెద్దది కదా! నూటికి నూరు తెచ్చుకున్న అమ్మాయి ర్యాంకుల పట్టికలో 35 వచ్చిన వాడి కంటే వెనక్కి పోతుంది. ప్రోగ్రామ్‌ మాత్రం ఎక్కడా ఆగదు, ఎర్రర్‌ చూపించదు.

కాబట్టి ‘ఇంట్‌’ ఫంక్షన్‌తో పూర్ణాంకంగానో, ‘ఫ్లోట్‌’తో దశాంశంగానో మారుస్తాం. అప్పుడు అసలు సినిమా మొదలవుతుంది. యూజర్‌ ‘19 ఏళ్లు’ అని కొట్టాడు, లేదా ఏమీ కొట్టకుండా ఎంటర్‌ నొక్కాడు, లేదా సున్నా బదులు ‘ఓ’ అక్షరం పెట్టాడు. ప్రోగ్రామ్‌ ఎర్రక్షరాలతో కుప్పకూలుతుంది. పేరు ‘వాల్యూ ఎర్రర్‌’. బిగినర్లు దీన్ని చూసి హడలిపోతారు గానీ, నా దృష్టిలో ఇది మీ శ్రేయోభిలాషి. ‘ఇది నాకు అర్థం కాలేదు’ అని మొహం మీదే చెప్పేస్తోంది. భయపడాల్సింది అర్థం కాకుండానే అయినట్టు తలూపే కోడ్‌కు.

పాత నోట్సుతో జాగ్రత్త

ఫోటోకాపీ సెంటర్లలో చేతులు మారే నోట్సుల్లో ఇప్పటికీ ఒక అడ్డదారి కనిపిస్తుంటుంది. ‘ఇన్‌పుట్‌’ చుట్టూ ‘ఎవాల్‌’ పెట్టేయండి, పూర్ణాంకమో దశాంశమో అదే చూసుకుంటుంది అని. దీనికో చరిత్ర ఉంది. పైథాన్‌ 2లో ‘ఇన్‌పుట్‌’ చేసే పనే అది. యూజర్‌ టైప్‌ చేసినదాన్ని ప్రోగ్రామ్‌ కింద లెక్కగట్టి నడిపేసేది. అది ప్రమాదమని తెలిసే 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్‌ 3లో ఆ పద్ధతి తీసేశారు. పైథాన్‌ 2కు 2020 జనవరి 1తో మద్దతు కూడా ఆగిపోయింది. మనం ‘ఎవాల్‌’ తగిలించామంటే, మూసేసిన తలుపును మళ్లీ మన చేత్తో తెరిచినట్టే.

ఆ తలుపులోంచి ఏం రావచ్చు? వయసు అడిగిన చోట ఒకడు ఫోల్డర్‌ను తుడిచేసే పైథాన్‌ ఆదేశం టైప్‌ చేస్తే, అదీ నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరొక్కరే వాడే ప్రోగ్రామైతే నష్టం లేకపోవచ్చు. కానీ అదే అలవాటుతో రేపు వెబ్‌ ఫారం రాస్తారు, ఊరూపేరూ తెలియని వాళ్లంతా అందులో టైప్‌ చేస్తారు. దురుద్దేశం లేని చోట కూడా ‘ఎవాల్‌’ దారి తప్పిస్తుంది. పైథాన్‌ 2లో దానికి 010 ఇస్తే పది రాదు, ఎనిమిది వస్తుంది! ముందున్న సున్నాను చూసి అష్టాంశ సంఖ్య అనుకునేది. ‘ఇంట్‌’కు ఇస్తే శుభ్రంగా పది. అంకె కావాలంటే అంకెను మాత్రమే చదివే ఫంక్షన్‌ను పిలవండి. మీ నోట్సులో ‘ఎవాల్‌’ ఉంటే ఇవాళే కొట్టేయండి.

సున్నా ఊరికే పెట్టకండి

రెండో అడ్డదారి ఇంకా మర్యాదగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూల్లో చెప్పడానికీ బాగుంటుంది. ‘ట్రై’లో మార్పిడి, ‘ఎక్సెప్ట్‌’లో సున్నా. అంటే మార్చడం కుదిరితే సరే, కుదరకపోతే సున్నా అనుకో. ప్రోగ్రామ్‌ ఇక కూలదు. ఏఐ టూళ్లను ‘క్రాష్‌ కాకుండా రాయి’ అని అడిగితే అవి కూడా ఇలాంటి జవాబు ఇచ్చే అవకాశం ఉంది. ఎందుకంటే మీరడిగింది అదే.

ఇప్పుడు దాన్ని మార్కుల జాబితా మీద నడపండి. పరీక్షకు రాని విద్యార్థి గడిలో ‘ఆబ్సెంట్‌’ అని ఉంటుంది. ఇంకా దిద్దని పేపరు గడి ఖాళీగా ఉంటుంది. ఒకచోట టైపింగ్‌ పొరపాటు, 9 తర్వాత ‘ఓ’ అక్షరం, నిజానికి 90. మరొకరికి నిజంగానే సున్నా. ఈ నలుగురికీ మీ ప్రోగ్రామ్‌ వేసే మార్కు ఒక్కటే. ఎవరు రాలేదు, ఎవరిది దిద్దలేదు, ఎవరిది పొరపాటు? ఇక ఎప్పటికీ తెలియదు, ఆ సమాచారం కోడ్‌ మింగేసింది.

ఒక్క సున్నా ఎంత బరువుంటుందో తెలంగాణలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2019 ఏప్రిల్‌ 18న వచ్చిన ఇంటర్‌ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో 99 రావాల్సి ఉండగా 0 పడింది. తర్వాత సరిదిద్దారు. అక్కడ జరిగింది సాఫ్ట్‌వేర్‌ మార్పిడి తప్పు కాదు, మార్కుల బబ్లింగ్‌లో మనిషి చేసిన పొరపాటు అని తేలింది. ఆ ఫలితాల గందరగోళం మీద ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లకు ఉచితంగా రీవెరిఫికేషన్‌ చేయించింది. ఆ వేసవిలో కొన్ని ఇళ్లలో జరిగిన నష్టం మాత్రం ఏ కమిటీ పూడ్చలేనిది. ఆ కేసులో తప్పు చేయి మనిషిదే కావచ్చు. కానీ మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులున్న పిల్లకు ఒక్కదాంట్లో సున్నా కనిపిస్తే ‘ఒకసారి చూడండి’ అనే ఒక్క షరతు ప్రోగ్రామ్‌లో రాయడం కష్టమేమీ కాదు. మీరు రాసే ‘ఎక్సెప్ట్‌’లో సున్నా పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. విలువ తెలియనప్పుడు పెట్టడానికి పైథాన్‌లో ‘నన్‌’ అని వేరే విలువే ఉంది. ఎదురుగా మనిషి ఉంటే ఇంకా సులువు, మళ్లీ అడగడమే.

మళ్లీ అడిగే పద్ధతి ఇలా ఉంటుంది. సరైన అంకె వచ్చేదాకా తిరిగే ‘వైల్‌’ లూప్‌ ఒకటి. దాని లోపల ‘ట్రై’లో మార్పిడి లైన్‌ ఒక్కటే ఉండాలి. మొత్తం ప్రోగ్రామ్‌ను ‘ట్రై’లో కుక్కితే ఏ ఎర్రర్‌ ఎక్కడిదో తెలియదు. ‘ఎక్సెప్ట్‌’ పక్కన ‘వాల్యూ ఎర్రర్‌’ అని పేరు పెట్టి రాయండి. పేరు లేకుండా వదిలేస్తే, విసిగిపోయిన యూజర్‌ కంట్రోల్‌-సి నొక్కినా దాన్ని కూడా పట్టేసుకుని మళ్లీ వయసెంత అని అడుగుతుంది. అక్కడ చూపించే సందేశం కూడా ముఖ్యమే. ‘ఇన్‌వ్యాలిడ్‌ ఇన్‌పుట్‌’ అంటే మీసేవ కౌంటర్‌ ముందు నిలబడ్డ పెద్దాయనకు ఏం తెలుస్తుంది? ‘వయసు అంకెల్లో మాత్రమే రాయండి, ఉదాహరణకు 62’ అంటే చాలు. ‘ఎల్స్‌’లో హద్దులు చూసుకోండి. వయసు మైనస్‌ 5 అయినా ‘ఇంట్‌’కు అభ్యంతరం లేదు, 500 అయినా లేదు. హద్దు పెట్టే బాధ్యత మీదే.

రైతు బజార్‌ పరీక్ష

ఎర్రగడ్డలో ఉండేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. రైతు బజార్‌ పక్కనే. కూరగాయల ధరలు చదివి మొత్తం బిల్లు చెప్పే చిన్న ప్రోగ్రామ్‌ రాసుకోండి. తర్వాత ఒక సాయంత్రం అక్కడ తిరుగుతూ, మనుషులు ధరను, బరువును ఎన్ని రకాలుగా రాస్తారో, అంటారో నోట్‌ చేసుకోండి. 25. 25/-. రూ.25. 25-30. అరకిలో. పావు. ఒకటిన్నర. వీటిలో ‘ఇంట్‌’ ఒప్పుకునేది మొదటిదాన్ని ఒక్కటే.

ఇక్కడ చాలామంది ఒక తెలివి ఉపయోగిస్తారు: అంకెలు కాని గుర్తులన్నీ తీసేద్దాం, మిగిలినదాన్ని మారుద్దాం. ‘రూ.25’కి అద్భుతంగా పనిచేస్తుంది, ‘25/-’కి కూడా. ఆ ఉత్సాహంలోనే ‘25-30’ వస్తుంది. గీత పోయి 2530 మిగులుతుంది. కిలో వంకాయలు రెండు వేల అయిదు వందల ముప్పై రూపాయలు! మైనస్‌ 5 కాస్తా 5 అవుతుంది. 2.20 కాస్తా 220. శుభ్రం చేయడం పేరుతో మాట అర్థాన్నే మార్చేశాం.

కామాల విషయంలోనూ అంతే. మనం లక్షన్నరను 1,50,000 అని రాస్తాం. ‘ఇంట్‌’, ‘ఫ్లోట్‌’ రెండూ దాన్ని తిరగ్గొడతాయి. కామాలు తీసేస్తే పని జరుగుతుంది. కానీ చుక్క బదులు పొరపాటున కామా కొట్టిన ‘12,5’ కూడా 125 అయిపోతుంది. కామా ఉంటే, చివరి మూడంకెల ముందు ఒకటి, ఆపైన రెండేసి అంకెలకొకటి ఉన్నప్పుడే తీసేయండి. అలా లేకపోతే మళ్లీ అడగండి. విచిత్రం ఏంటంటే అండర్‌స్కోర్‌ పెట్టి 1_000 అంటే మాత్రం పైథాన్‌ 3.6 నుంచి ‘ఇంట్‌’ సంతోషంగా వెయ్యి అంటుంది. మన కామా పరాయిది, దాని అండర్‌స్కోర్‌ సొంతం!

ఈ రకం నిశ్శబ్దపు తప్పులు మనకే కాదు. ఎక్సెల్‌ కొన్ని మానవ జన్యువుల పేర్లను తేదీలు అనుకుని మార్చేస్తుండటంతో, ‘మార్చ్‌’, ‘సెప్ట్‌’ అని మొదలయ్యే జన్యువుల అధికారిక పేర్లనే 2020 నాటికి శాస్త్రవేత్తలు మార్చుకోవాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను మార్చడం కంటే జీవశాస్త్రాన్ని మార్చడం తేలికైంది మరి.

ఒకే రాత, రెండు రాష్ట్రాలు

ఇక అసలు విషయం. మీ ఊళ్లో పొలం ఉందా? తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలను 2.20 అని రాసుకోవడం అలవాటు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది నిజానికి రెండున్నర ఎకరాలు. ‘ఫ్లోట్‌’కు ఇస్తే ఏ ఎర్రరూ రాదు, నిక్షేపంగా 2.2 అంటుంది. రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు రూ.6,000 చొప్పున లెక్క వేయండి. రెండున్నర ఎకరాలకు రూ.15,000 రావాలి. మీ ప్రోగ్రామ్‌ రూ.13,200 చూపిస్తుంది. రైతుకు రూ.1,800 తక్కువ. ప్రభుత్వ పోర్టల్‌ ఇలా చేసిందని నేననడం లేదు. మీరు రాసే ప్రాజెక్టు ఇలా చేయగలదని చెబుతున్నాను.

ఇప్పుడు అదే 2.20ని ఆంధ్రప్రదేశ్‌లో చదవండి. అక్కడ సెంట్లు, ఎకరానికి వంద. రెండెకరాల ఇరవై సెంట్లు అంటే 2.2 ఎకరాలే, ‘ఫ్లోట్‌’ లెక్క సరిగ్గా సరిపోతుంది. విజయవాడ కుర్రాడు రాసి పరీక్షించిన ప్రోగ్రామ్‌ వరంగల్‌లో తప్పు చెబుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు, ఎర్రర్‌ ఎక్కడా లేదు. మారింది టైప్‌ చేసిన మనిషి మనసులోని కొలత.

దీనికి మందు ‘ఫ్లోట్‌’ కంటే ముందే వేయాలి. 2.20 ఇంకా టెక్స్టుగా ఉన్నప్పుడే చుక్క దగ్గర రెండు ముక్కలు చేయండి. ఒకటి ఎకరాలు, రెండోది గుంటలు. రెండింటినీ విడివిడిగా ‘ఇంట్‌’ చేయండి. గుంటలు 39 దాటితే ఒప్పుకోకండి. తెలంగాణలో 2.45 అన్నది ఉండదు, ఎవరో సెంట్లలో రాశారని అర్థం. తర్వాత మొత్తాన్ని గుంటల్లోకి తెచ్చుకోండి. రెండు నలభైలు ఎనభై, ఇంకో ఇరవై, మొత్తం వంద గుంటలు. ఎకరానికి ఆరు వేలంటే గుంటకు 150. వందను 150తో గుణిస్తే 15,000. దశాంశాల బెడదే లేదు. మరి 2.5 అని కొడితే? అయిదు గుంటలా, యాభై సెంట్ల అర్థంలో రెండున్నర ఎకరాలా? ప్రోగ్రామ్‌ ఊహించకూడదు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడిగా అడిగితే ఈ గొడవే ఉండదు. ఇంటర్వ్యూలో ఎవరైనా ‘ఫ్లోట్‌ ఎప్పుడు వాడకూడదు’ అని అడిగితే, పుస్తకాల్లో ఉండే జవాబు కంటే మీ ఊరి పాసుబుక్‌ ఉదాహరణ చెప్పండి. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు వంగుతారు.

డబ్బుల లెక్కకు ‘డెసిమల్‌’ వాడండి, టెక్స్టు నుంచి నేరుగా. మధ్యలో ‘ఫ్లోట్‌’ చేసి ఇస్తే దాని తేడాలన్నీ వెంట వస్తాయి. ‘డెసిమల్‌’కు నచ్చని టెక్స్టు ఇస్తే వచ్చేది ‘ఇన్‌వ్యాలిడ్‌ ఆపరేషన్‌’ అని వేరే ఎర్రర్‌. ‘వాల్యూ ఎర్రర్‌’ కోసం కాపు కాస్తున్న మీ కోడ్‌ దాన్ని పట్టుకోదు.

కొన్నింటిని అసలు మార్చనే కూడదు. బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్‌ నంబరు, పిన్‌కోడ్‌, హాల్‌టికెట్‌. పేరులో ‘నంబరు’ ఉందని ‘ఇంట్‌’ చేస్తే ఖాతా ముందున్న సున్నాలు మాయం. రెండు ఫోన్‌ నంబర్లను ఎవరైనా కూడతారా? కూడికా తీసివేతా అవసరం లేనిది టెక్స్టుగానే ఉండనివ్వండి.

ఈ రాత్రికి హోంవర్క్‌

హాస్టల్‌కు వెళ్లాక మీ పాత ప్రోగ్రామ్‌ తెరిచి దీన్ని ప్రయత్నించండి. మార్కులు ‘ఫ్లోట్‌’తో చదివి, సున్నా కంటే తక్కువైనా వంద కంటే ఎక్కువైనా తిరస్కరించేలా రాయండి. ఇప్పుడు మార్కుల చోట ఇంగ్లిష్‌లో ‘నాన్‌’ అని మూడక్షరాలు కొట్టండి. రొట్టె కాదు, ‘నాట్‌ ఎ నంబర్‌’. ‘ఫ్లోట్‌’ దాన్ని ఒప్పుకుంటుంది. అది సున్నా కంటే తక్కువా? కాదు. వంద కంటే ఎక్కువా? కాదు. మీ కాపలాను దాటి దర్జాగా లోపలికి వచ్చేసింది, ఇక మొత్తం, సగటు అన్నీ ‘నాన్‌’లే. షరతును తిప్పి రాయండి: సున్నాకూ వందకూ మధ్య ఉంటేనే తీసుకో. అప్పుడు బయటే ఆగిపోతుంది.

తర్వాత ‘ఇంట్‌’కు అయిదు వేల అంకెల పొడవున్న సంఖ్య ఇవ్వండి. కొత్త వెర్షన్లలో ‘వాల్యూ ఎర్రర్‌’ వస్తుంది. 4,300 అంకెలు దాటితే ఒప్పుకోకుండా 2022 సెప్టెంబరులో పైథాన్‌కు హద్దు పెట్టారు. అంకెలు పెరిగేకొద్దీ మార్పిడికి పట్టే సమయం విపరీతంగా పెరిగిపోతుంది కాబట్టి, భారీ సంఖ్యలు పంపి సర్వర్‌ను స్తంభింపజేసే వీలుండేది.

కొందరు ‘ట్రై’ బదులు ‘ఈజ్‌డిజిట్‌’ అని ముందే అడిగి చూసుకుంటారు. మైనస్‌ 5కు అది కాదంటుంది. చదరపు సెంటీమీటర్ల మీద పెట్టే చిన్న ² ఉంది చూశారూ, దానికి అవునంటుంది, ‘ఇంట్‌’ మాత్రం దాన్ని చూసి కూలిపోతుంది. చివరగా ఫోన్‌లోంచి కాపీ చేసుకునైనా సరే, మన తెలుగు అంకెల్లో ౨౫ అని పెట్టి ఎంటర్‌ నొక్కండి. ‘ఇంట్‌’ మారు మాట్లాడకుండా 25 అంటుంది.